తడి పేలికల నర్సింగమ్మ

నర్సింగమ్మ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించేది కాదు. గోడకు చెంప ఆనించేది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా కళ్లు మూసుకుని, ఒక గోడ తర్వాత ఇంకో గోడకు చెంప ఆనించి, అన్నీ అయ్యాక వచ్చి కూర్చుని "మంచిగున్నరా అందరు?" అని అడిగేది. మా నారాయణపేటలో ఆమెకు పిచ్చి అన్నవాళ్లున్నారు. గోడల్లో లంకెబిందెల కోసం వెతుకుతోందని అన్నవాళ్లూ ఉన్నారు. నేను పిచ్చి అన్న గుంపులో మనిషిని. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే తర్వాతి కథ చెప్పడం నాకు సులువవుతుంది.

నా పేరు రామచంద్రం. గుంట మగ్గం మీద నూలు చీరలు నేస్తాను. మా తాత తవ్విన గుంటలోనే మా నాయిన కాళ్లు పెట్టుకుని నేశాడు, ఆయన తర్వాత నేను. ఇంటికి ముందు అర్రలో మగ్గం, వెనక అర్రలో మేము. పైన మట్టి మిద్దె. ఆ మిద్దె నర్సింగమ్మ చేతి పని.

ఊళ్లో సగం మిద్దెలకు ఆమె, ఆమె రెండు గాడిదలే దిక్కు. దూలాల మీద కర్రలు, కర్రల మీద కంప, ఆకు పరిచి, దాని మీద మూరెడు మందం మన్ను పోసి తొక్కి, అన్నిటికన్నా పైన చౌడు పరిచేది. చౌడంటే ఉప్పు మన్ను. అది ఉన్న చేలో గడ్డి కూడా మొలవదు. పంటకు పనికిరాని ఆ మన్నే వాననీటిని మాత్రం ఇంట్లోకి దిగనివ్వదు. ఏటా మృగశిర కార్తెకు ముందు నర్సింగమ్మ గాడిదల మీద చౌడు వేసుకుని వీధి వీధీ తిరిగేది. ఈ కథ నాటికి ఆమెకు యాభై దాటాయి. భర్త గుర్వయ్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. మనిషి పొట్టి, మాట తక్కువ. అడగడం మాత్రం ఎక్కువ.

ఆ అడగడం ఎక్కడ మొదలైందో ఆమే నాకు ఒకసారి చెప్పింది. వాళ్ల నాయిన బావులు తవ్వేవాడు. పన్నెండేళ్ల వయసులో ఈమె బావిలోంచి తట్టలు మోసేది. ఒక వైశాఖంలో పైన కాళ్లు మాడుతుంటే బావి అడుగున ఒళ్లు జిల్లుమంది.

"నాయినా, మీద గింత ఎండ గొడుతుంటే కింద ఎందుకు సల్లగున్నది అని అడిగిన. తట్ట ఎత్తు అన్నడు. ఎత్తిన. తట్ట ఎత్తినగని, అడుగుడు ఇడువలే."

తండ్రి చెప్పకపోతే తనే కనుక్కోవాలనుకుంది. ఇంటి వెనక జానెడు లోతులో ఒక ముంత, మూరెడు లోతులో ఒక ముంత, రెండు మూరల లోతులో ఇంకో ముంత నీళ్లతో పాతిపెట్టి, ఎండాకాలమంతా పొద్దునా సాయంత్రం తీసి తాగి చూసింది. ఆ పిల్లను ఊళ్లో వాళ్లు ఎంత నవ్వి ఉంటారో నాకు తెలుసు, ఎందుకంటే పెద్దయ్యాక నేనూ నవ్వాను. ఆ ముంతల్లోంచి ఆమె తేల్చుకున్నది ఇది.

"మన్ను చెవిటిది బిడ్డా. పొద్దున సూర్యుడు జెప్పిన ముచ్చట దానికి రాత్రికిగని ఇనవడది. అది ఇనేటాల్లకు సూర్యుడు ఇంటికి వోతడు."

పందొమ్మిది వందల అరవై మూడులో మా వీధికి కరెంటు వచ్చింది. నేను ముందుపడి దరఖాస్తు పెట్టుకున్నాను. స్తంభం నుంచి తీగ రావడానికి మా మిద్దెకు బొక్క కొట్టి ఒక ఇనుప గొట్టం నిలబెట్టారు, దాని పక్కనుంచి తీగను మగ్గం అర్రలోకి దింపారు. బల్బు వెలిగిన సాయంత్రం నా భార్య రామమ్మ దానికి దండం పెట్టుకుంది. నేను వీధంతా తిరిగొచ్చాను.

ఆ శ్రావణంలో నాలుగు రోజుల ముసురు పట్టింది. మూడో రోజు మగ్గం మీద చుక్క పడింది. తెల్లారేసరికి పడుగు మీద ఎర్రమట్టి నీళ్లు చారలు కట్టాయి. పడుగంటే చీర పొడవునా సాగే దారాలు, అవి పోతే చీర పోయినట్టే. నాకు ఒళ్లు మండింది. నర్సింగమ్మను పిలిపించాను. ఆమె నిచ్చెనెక్కి, ఆ గొట్టం దగ్గర కూర్చుని, వేలితో మట్టిని గీకి చూసి, నోరు తెరవబోయింది.

"నువ్వేం జెప్పకు. గిదేనా నీ మిద్దె? పడుగు ఖరాబయింది. ఇగ నీ మట్టి ఒద్దు, నువ్వొద్దు" అన్నాను.

ఆమె నోరు మూసుకుని దిగిపోయింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా అమ్మ బతికున్నప్పుడు అంటుండేది. ఆ రోజు రామమ్మ కూడా ఆ మాటే అంది. నేను వినలేదు.

ఫాల్గుణంలో మిద్దె విప్పించి, సగం దూలాలు అమ్మి, ఇనుప రేకులు వేయించాను. రేకులకూ బొక్క కొట్టి గొట్టాన్ని ఉన్నచోటే ఉంచారు. చైత్రం వచ్చేసరికి పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. పొద్దు బారెడెక్కితే చాలు, రేకులు టపటపమంటూ సాగేవి. మధ్యాహ్నం నెత్తి మీద ఎవరో కుంపటి పెట్టుకుని నిలబడ్డట్టుండేది. దానికీ మందు నా దగ్గరే ఉంది కదా, కరెంటు. పెళ్లిళ్లకు మైకులు, పెట్రోమాక్సులు కిరాయికిచ్చే నూరుద్దీన్ దగ్గరికి వెళ్లి ఒక టేబుల్ ఫ్యాను ఎండాకాలానికంతా మాట్లాడుకొచ్చాను. ఆయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి, మగ్గం పక్కన స్టూలు మీద పెట్టి, "జర పైలం భాయ్" అని వెళ్లాడు.

రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు నుంచి పోగులు తెగడం మొదలైంది.

నేసేవాడికి పోగు తెగడం కొత్త కాదు. తెగుతుంది, ముడేస్తాం, అడ్డదారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఆడిస్తాం. కానీ ఇది అలా కాదు. ఇక్కడ ముడేసే లోపల అక్కడ రెండు తెగేవి. గంజి పెట్టిన దారం అప్పడంలా విరిగిపోయేది. రోజుకు మూడు మూరలు నేసే చేత్తో జానెడు నేయలేకపోయాను. గంజి పలచనయిందనుకుని చిక్కగా పెట్టాను, ఇంకా ఎక్కువ తెగింది. రామమ్మ నూలు కండెలు సరిగ్గా చుట్టలేదని ఆమె మీద అరిచాను. నాకు చెమట పడుతోందని ఫ్యాను ఇంకా దగ్గరికి జరుపుకున్నాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎండిన గాలికి దారం విరుగుతుందని సాలె ఇంట్లో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ మా ఇంట్లో ఎప్పుడూ దారం ఎండలేదు. మిద్దె కింద, గుంట పక్కన, ఆ తేమ దానంతటదే ఉండేది. ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు? నాకు చల్లగా ఉంటే మగ్గానికీ చల్లగా ఉంటుందనుకున్నాను, అంతే.

వైశాఖ పున్నమి దాటాక సావుకారు భిక్షపతి వచ్చాడు. మాకు నూలిచ్చి చీరలు తీసుకునేది ఆయనే. చెడ్డ మనిషి కాదు. మగ్గం మీద ఆరు చీరల పడుగుంటే రెండే దిగాయని చూశాడు.

"ఏరువాక పున్నం దాకా చూస్త రామచంద్రం. ఆరు చీరలు దిగకపోతే నూలు ఇంకొగలకిస్త. నా మీద గూడ ఒత్తిడున్నది, నన్ను తప్పు వట్టకు" అని వెళ్లిపోయాడు.

నూలు రాకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నారాయణపేట రోడ్డు స్టేషనుకు వెళ్లి షోలాపురం రైలెక్కడమే. మా అన్న రాములు ఎక్కాడు. అక్కడి మిల్లులో ఏడేళ్లు చేసి, దూది పీల్చి పీల్చి, పండక్కి వచ్చిన నాలుగు రోజులూ దగ్గుతూనే గడిపి వెళ్లాడు. వెళ్లేటప్పుడు నా మగ్గం గుంటలో కాసేపు ఊరికే కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అది నాకు గుర్తొచ్చింది. గుంటను మూటగట్టుకుని రైలెక్కలేం కదా. నాకు భయం వేసింది.

నేను నర్సింగమ్మను పిలవలేదు. పిలిచే మొహం నాకెక్కడిది? రామమ్మ నాకు చెప్పకుండా వెళ్లి పిలుచుకొచ్చింది.

నర్సింగమ్మ వచ్చి, పాత సంగతి ఒక్క ముక్క ఎత్తకుండా, గోడలకు చెంప ఆనించుకుంటూ తిరిగింది. రేకు కింద చెయ్యి పెట్టి తీసేసింది. ఫ్యాను ముందు కొంచెంసేపు నిలబడి, మొహం అటూ ఇటూ తిప్పి, వెనక్కి వెళ్లి వెనకనుంచి కూడా చూసింది. ఆ ముసలావిడ కళ్లు చిన్నపిల్ల కళ్లలా మెరిశాయి.

"పాత చీర ఉన్నదా రామమ్మా?"

రామమ్మ ఇచ్చిన చీరను సమానంగా పేలికలు చించింది. అన్నిటినీ ఒకే బకెట్లో ముంచి, ఒకేలా పిండి, అర్ర నాలుగు మూలలా, పడమటి కిటికీ దగ్గర, గుంటలో, మగ్గం మీద, ఫ్యాను ముందు ఒక్కొక్కటి వేలాడదీసింది. తర్వాత గడప దగ్గర కూర్చుని ఆకు వక్క నములుతూ వాటిని చూస్తోంది. అంతే, చూస్తోంది.

నాకు కోపం ఆగలేదు. "అవ్వా, నా బతుకు బజార్ల వడుతుంటే నువ్వు పేలికలు ఆరేసుకుంట కూసున్నవా?"

"నీ తానికి ఉడుకు ఏడికెల్లి వస్తాందో నాకు తెల్వదు. నీకు తెల్వదు. పేలికలకు తెలుస్తది. జర ఓపిక వట్టు" అంది.

ఫ్యాను ముందు పేలిక ఆమె నోట్లో వక్క అయిపోకముందే ఎండింది. తర్వాత మగ్గం మీది పేలిక. ఆ తర్వాత పడమటి కిటికీ దగ్గరిది. గుంటలోది మాత్రం పొద్దు వాలేదాకా తడిగానే ఉంది. ఎండిన పేలికను తెచ్చి నా చేతిలో పెట్టింది. అది గరగరమంది. నా పడుగు కూడా అచ్చం అలాగే గరగరమంటోంది. నేను ఫ్యాను మీట నొక్కేశాను. ఆ ఒక్క క్షణంలో నాకు కలిగినంత సిగ్గు జీవితంలో మళ్లీ కలగలేదు.

"ఫ్యాను తప్పేం లేదు" అంది నర్సింగమ్మ. "దాని తాన సల్లగాలి ఏడున్నది? ఉన్నగాలినే తిప్పుతది. రేకు ఉడుకు ఇస్తాంది, కిటికి ఎండుగాలి ఇస్తాంది, ఇది ఆ రెండిటిని తీస్కపోయి నీ పడుగు మీద పోస్తాంది. మన్ను చెవిటిదైతే, రేకు చాడీలది. సూర్యుడు అన్నది అన్నట్టే ఎంబడే ఇంట్ల జెప్తది."

"మరి రేకులు తీసేయాల్నా? తిరిగి మిద్దె ఏసే తాకత్ నాకు లేదు."

"తీయొద్దు. దాని నోరు ఎట్ల మూయాల్నో చూద్దాం. నాకు గూడ తెల్వదు. రేకు కింద నేనెన్నడు పని జెయ్యలే." తెలియదని చెప్పేటప్పుడు ఆమె అంత సంతోషంగా ఉండడం నాకు వింతగా అనిపించింది.

మర్నాడు సున్నం తెచ్చి, జిగురు కోసం కొంచెం గంజి కలిపి, రేకుల పైవైపు తూర్పు సగానికి మాత్రం తెల్లగా రెండు పూతలు పూసింది. మిగతా సగం ఎందుకు వదిలావని అడిగితే, "అంత పూస్తే ఎట్ల తెలుస్తది?" అంది. రెండు సగాల కిందా జానెడు దూరంలో పేలికలు కట్టింది. మధ్యాహ్నానికి పూయని వైపు పేలిక ఎండింది, పూసిన వైపుది ఇంకా చెమ్మగా ఉంది. నేను మొట్టమొదటిసారి నా అంతట నేనే నిచ్చెనెక్కి రెండు పేలికలనూ చేత్తో నలిపి చూశాను. తర్వాత రెండో సగానికి నేనే సున్నం పూశాను.

మూడో రోజు వెదురు తడకలు పేడమన్నుతో రెండువైపులా మందంగా అలికి, రేకుల కింద మూరెడు ఎడం ఉంచి ఇంకో కప్పులా కట్టింది. గొట్టం దిగేచోట తడకకు సందు వదిలింది. రేకుకూ తడకకూ నడుమ రెండు కొసలనూ మూయకుండా తెరిచి పెట్టింది.

"గా సందు ఎందుకవ్వా?"

"ఏడి గాలి పోతందుకు తొవ్వ ఉండాలె గద. తొవ్వ లేకపోతే మన మీదనే కూసుంటది."

గుంట చుట్టూ ఇసుక పోసి పొద్దునా సాయంత్రం తడపమంది. మగ్గం కింద రెండు కొత్త కుండల్లో నీళ్లు పెట్టించింది. పడమటి కిటికీకి గోనెసంచులు రెండు పొరలు కట్టి, పొద్దెక్కకముందే మూసి, పొద్దు వాలాకే తీయమంది. ఆ మాట విన్నప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఉగాది దాటగానే ఆయన ఆ కిటికీ మూసేసి, పడమటి నుంచి లక్ష్మి వెళ్లిపోతుందనేవాడు. నేను పెద్దవాణ్నయ్యాక దాన్ని మూఢనమ్మకమని తీసి పారేసి కిటికీ బార్లా తెరిచి పెట్టుకున్నాను. పోయే లక్ష్మి దారంలోని తేమ అని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

నూరుద్దీన్ ఫ్యాను ఇచ్చేస్తానంటే నర్సింగమ్మ ఒప్పుకోలేదు. కోడి కూసే వేళకు తూర్పు కిటికీ ముందు పెట్టి గంటసేపు తిప్పమంది. అప్పుడు బయటిగాలి చల్లగా ఉంటుంది, ఆ చల్లదనాన్ని ఇంట్లోకి, గోడల్లోకి తాగించి, తర్వాత ఫ్యాను ఆపి తలుపులు మూసేయాలి. పగలంతా గోడలు దాన్ని కొంచెం కొంచెంగా తిరిగిస్తాయి. ఈ సంగతి ఆమెకు ముందే తెలుసనుకోవద్దు. మూడు రోజులు మూడు వేళల్లో తిప్పించి, పేలికలు కట్టి చూసి మరీ చెప్పింది. ఆ నెల కరెంటు బిల్లు రాసుకునే మనిషి వచ్చి, అంకె తక్కువ ఉండడం చూసి మీటరు ఆగిపోయిందేమోనని దాన్ని వేలితో రెండుసార్లు తట్టి చూశాడు. తర్వాత మగ్గం అర్రలో కూర్చుని మంచినీళ్లు తాగుతూ అక్కడే కునుకు తీశాడు.

నేను మాత్రం కునుకు తీయలేదు. నాలుగు చీరలు, ఇరవై రెండు రోజులు. పోగులు తెగడం ఒక్కసారిగా ఆగలేదు. మొదట గంటకొకటి, తర్వాత పూటకు రెండు మూడు. పడుగు మీద చెయ్యి పెడితే పసిపిల్ల చెంపలా మెత్తగా తగిలిన రోజు నాకు ఏడుపొచ్చింది. రామమ్మ చూడకుండా తువ్వాలుతో కళ్లొత్తుకున్నాను. ఆమె చూసింది. మూడో చీర, నాలుగో చీర, ఐదో చీర దిగాయి. ఆరో చీర కొంగు ఏరువాక పున్నానికి ముందురోజు సాయంత్రం పూర్తయింది. భిక్షపతి ఆరూ విప్పి, అంచులు వెలుగుకు పెట్టి చూసి, బండిలోంచి కొత్త నూలు కట్టలు దింపించాడు. మా అన్నకు కార్డు రాశాను, నేనూ షోలాపురం రావాల్సిన గతి తప్పిందని.

పున్నమి దాటిన మూడో రోజు మొదటి వాన పడింది. మట్టి వాసనకు రామమ్మ వాకిట్లోకి వెళ్లింది. నేను కొత్త పడుగు ముందు కూర్చుని ఉన్నాను. చేతి మీద చుక్క పడింది.

తలెత్తి చూశాను. కరెంటు గొట్టం వెంట నీళ్లు కారుతున్నాయి. గొట్టం చుట్టూ తడక మన్ను నల్లగా తడిసింది. పోయిన శ్రావణంలో చుక్క పడింది సరిగ్గా అక్కడే. అప్పుడు పైన మట్టి మిద్దె, ఇప్పుడు పైన ఇనుప రేకు. రెండింట్లో మారనిది ఆ గొట్టం ఒక్కటే. దాన్ని ముచ్చటపడి పెట్టించుకున్నది నేను. మట్టిది ఏ తప్పూ లేదు. ఇరవై ఏళ్ల మా మిద్దెను నేను ఊరికే విప్పించాను. విప్పేటప్పుడు కూలీలు మట్టిని వీధిలోకి విసురుతుంటే నర్సింగమ్మ గాడిదలతో అటుగా వెళ్తూ ఒక్క నిమిషం ఆగి, చూసి, వెళ్లిపోయింది. అది కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

వానలోనే ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె గాడిదలను చూరు కిందికి తోలుతోంది.

"అవ్వా, గొట్టం కాన్నుంచి నీళ్లు దిగుతున్నయి."

"దిగుతయి. బొక్క వెద్దగ గొట్టిండ్రు గద."

"నీకు ముందుగాల్నే ఎరికెనా?"

"పోయినేడు మిద్దెక్కిన్నాడే చూసిన. చుట్టు ఏలు వట్టేంత సందున్నది."

"మరి ఎందుకు జెప్పలే? ఒక్క మాట జెప్తే మిద్దె ఉంటుండె గద."

నర్సింగమ్మ నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. గోడకు చెంప ఆనించినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది మొహం. "జెప్తందుకే నోరు దెరిసిన. నువ్వు ఇననంటివి. గన్ని దినాలు నీ ఇంట్ల పని జేస్తి, అప్పుడన్న మిద్దె ఎందుకు కారిందని అడుగుతవేమో అని చూసిన. నువ్వు అడుగకపోతివి."

"తప్పయిందవ్వా" అన్నాను.

ఆమె ఇంట్లోకి వెళ్లి తట్టలో రెండు దోసిళ్ల చౌడు, పిడికెడు సున్నం వేసుకుని, తల మీద గోనెసంచి కప్పుకుని బయటికొచ్చింది.

"ఇప్పుడు అడిగినవ్ గద. నడువ్, నిచ్చెన వట్టుకుందువు" అంది.